ఎనిమిది రోజుల గడియారం

పదకొండేళ్ళపాటు నేను ఒకే అబద్ధం ఆడాను. కీ ఇచ్చే గడియారం పట్టుకుని ఎవరైనా నా దుకాణం ముందు నిలబడి, "రిపేరు జేసేటాయన లేడా అక్కా?" అని అడిగితే, "లేడు, ఊరికి పోయిండు" అనేదాన్ని. "ఎప్పుడొస్తడు?" అంటే "తెల్వది" అనేదాన్ని. ఆయన ఎవరో, ఏ ఊరికి పోయాడో ఒక్కరూ అడగలేదు. అడిగితే నాలుక కరుచుకునేదాన్ని, ఎందుకంటే అలాంటి ఆయనెవరూ లేడు. మా నాన్న పోయాక ఆ దుకాణంలో ఉన్నది నేనొక్కదాన్నే.

ఆర్మూరు పాత బస్టాండు దగ్గర, మందుల షాపుకూ చాయ్ హోటలుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది నా దుకాణం. నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే మోకాలు తగులుతుంది. పైన రేకు బోర్డు మీద "ఇచ్చట అన్ని రకముల గడియారములు రిపేరు చేయబడును" అని ఉంటుంది. అది మా నాన్న తన చేత్తో రాసుకున్నాడు. పెయింటరుకు అప్పజెప్తే అక్షరాలు వంకర పోతాయని ఆయన అనుమానం. ఎండకూ వానకూ ఆ అక్షరాలన్నీ వెలిసిపోయాయి. నేనూ వాటితోపాటే వెలిసిపోయాను. సెల్లులు మార్చడం, బెల్టులు వేయడం, గోడ గడియారాలకు ప్లాస్టిక్ మిషన్లు బిగించడం, ఇంతే నా పని.

చేతకాక కాదు. పద్నాలుగో ఏట నుంచి మా నాన్న పక్కన కూర్చుని పని నేర్చుకున్నాను. కంటికి భూతద్దం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత మరను చిమటాతో పట్టుకోవడం నాకు వచ్చు. కానీ మా నాన్న పోయిన మరుసటి ఏడు, రిటైరైన బడిసారు ఒకాయన తన చేతి గడియారం తెచ్చి ఇచ్చాడు. నౌకరీలో చేరినప్పుడు వాళ్ళ నాయన కొనిచ్చిందట. గడియారం గుండెలో వెంట్రుకలాంటి స్ప్రింగు ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అది నా చిమటాకు తగులుకుని మెలిపడిపోయింది. మూడు రోజులు కుస్తీ పట్టాను. విప్పినకొద్దీ ఇంకా చిక్కుపడింది. సారు వచ్చి చూశాడు. ఒక్క మాట తిట్టినా నా పాపం కొంత తగ్గేది. ఏమీ అనకుండా జేబులోంచి చేతి గుడ్డ, దస్తీ, తీసి గడియారాన్ని దాంట్లో ముడివేసుకుని పోయాడు. ఆ రోజు నుంచి నా నోటికి "లేడు" అలవాటైంది.

ఇక ఆ కారు సంగతి. ఊళ్ళో రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి సేటు ఒకాయనకు వాళ్ళ నాయన కాలం నాటి విలాయతి కారు ఉంది. నల్లగా, గుండ్రటి వీపుతో ఉంటుంది. ఏడాదంతా షెడ్డులోనే పడి ఉండి, కొత్త పసుపు మార్కెట్ యార్డుకు వచ్చే మొదటి రోజున మాత్రం బయటికి వస్తుంది. ఆ ఇంటి ఆనవాయితీ అది. వాళ్ళ నాయన ఆ కారులో యార్డుకు వచ్చి, కారులోని గడియారం చూసి, టైమయిందని హారన్ కొట్టాకే ఆయన అడ్తిలో మొదటి కుప్పకు బోలీ, అంటే వేలం పాట, మొదలయ్యేది. ఇప్పటికీ హారన్ కొట్టనిదే ఆ అడ్తిలో మొదటి పాట పాడరు. గడియారం మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. కొడుకు సెల్‌ఫోను చూసి హారన్ కొడుతున్నాడు. అది ఆయనకు నామోషీగా ఉండేదట.

మొన్న సీజనుకు పన్నెండు రోజుల ముందు, సేటు ఆ కారును తెచ్చి చాయ్ హోటలు ముందు ఆపాడు. పక్కన కారు పనికి నిజామాబాదు నుంచి పిలిపించిన మెకానిక్ ఉన్నాడు, పోయిన వారం నుంచి ఊళ్ళోనే మకాం. ముప్పై ఏళ్ళవాడు, నోటినిండా పాన్.

"చెల్లె, గోడ గడియారాలకేసే సెల్లు మిషను ఒకటియ్యి, చిన్నది" అన్నాడు సేటు. "కార్ల గడియారంల పడాలె."

"కారు గడియారంలనా?" అన్నాను.

మెకానిక్ అందుకున్నాడు. "పాత మిషను పీకి పడేస్త అక్కా. సెల్లు మిషను పెట్టి పైన గవే ముండ్లు బిగిస్త. ఎవ్వనికి తెలుస్తది?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అమ్మ నాకు పాలతోపాటు మిరపకాయలు పట్టిందని చుట్టాలంతా అంటారు. అయినా ముందు లేచి వెళ్ళి కారు తలుపు తీసి చూశాను. డ్యాష్‌బోర్డు మధ్యలో అరచేయంత గడియారం. నల్లటి ముఖం, మీగడ రంగు అంకెలు. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుందని అడుగున ఇంగ్లీషులో సన్నగా రాసి ఉంది. కింద చిన్న పిడి ఉంది. తిప్పితే కీ ఎక్కుతుంది, కిందికి గుంజి తిప్పితే ముళ్ళు జరుగుతాయి. ఎవరూ చెయ్యి పెట్టి చెడగొట్టలేదు. ఉన్నది ఉన్నట్టుగా ఆగిపోయి ఉంది, అంతే.

"ఎవ్వనికి తెలుస్తదా? నాకు తెలుస్తది!" అన్నాను. "కడుపు నొస్తున్నదని నీ తానకొస్తె పేగులు దీసి బయటేస్తవా? బంగారమసొంటి మిషనును పీకి పడేస్తవా?"

"మరి చేసేటాయన ఊరికి పోయిండంటివి గదక్కా," అన్నాడు మెకానిక్. పోయిన వారం అతను వేరే గడియారం గురించి అడిగితే అదే చెప్పాను. "ఎప్పుడొస్తడో తెల్వదంటివి."

చాయ్ హోటలాయన గ్లాసులు కడుగుతూ అందుకున్నాడు. "గాయన పోయి పదేండ్లు దాటింది తమ్మీ. ఇంక బస్సు దొర్కనట్టున్నది."

చాయ్ తాగుతున్న వాళ్ళంతా గొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతమందికీ తెలుసన్నమాట! పదకొండేళ్ళుగా తెలిసీ, నా ముందు ఊరుకున్నారన్నమాట! నోరు జారింది.

"ఎవ్వడు రాడు! నేనే చేస్త. కొత్త పసుపు దినం నాటికి నడిపిస్త. ఒక్కసారి కీ ఇస్తె ఎనిమిది రోజులు ఆగకుంట నడుస్తది. నడ్వకపోతె గా బోర్డు మీద రిపేరు అన్న మాటకు నల్లరంగు పూస్త. ఇగ సచ్చేదాక సెల్లులే అమ్ముకుంట."

ఎవరూ నవ్వలేదు. సేటు బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అది మా నాయిన గడియారం చెల్లె" అన్నాడు మెల్లగా.

"గా బోర్డు మా నాయినది సేటూ" అన్నాను.

"సరె. నీ మాట మీద ఇడుస్తున్న."

కొంగు బిగించి, కారులో డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, దాని వెనక ఉన్న రెండు నట్లు నేనే విప్పాను. యాభై ఏళ్ళ ఆడది అలా కారులో కాళ్ళు బయటపెట్టి పడుకోవడం బస్టాండు జనానికి మంచి తమాషా అయింది. చూసుకోండి అనుకున్నాను. గడియారం చేతిలోకి వచ్చాక మాత్రం దాన్ని కొంగులో చుట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా దుకాణంలోకి పోయాను.

మర్నాడు పొద్దున వెనక మూత తీశాను. భూతద్దం పెట్టుకుని చూశాను. మూత లోపల గీతలున్నాయి. రిపేరు చేసినవాళ్ళు సూదితో ఒక గుర్తు గీస్తారు, అది ఈ పనిలో వాడుక. నిలువు గీత, దాని పైన రెండు చుక్కలు. మా నాన్న గుర్తు. పక్కనే మళ్ళీ అదే గుర్తు. అంటే ఆయన దీన్ని రెండుసార్లు విప్పి నడిపించాడు. నాకెప్పుడూ చెప్పలేదు. ఆయనకు చెప్పుకోవడం రాదు, ఆ విషయంలో నేను ఆయన బిడ్డను కాదు.

లోపల పాత నూనె గట్టిపడి, మట్టిరంగు బంకలా అయిపోయి ఉంది. పళ్ళ చక్రాలన్నీ ఆ బంకలో దిగబడి ఉన్నాయి. కింది పిడి లోపలికి పోయే కంత చుట్టూ, మూత అంచు చుట్టూ ఇంకేదో నల్లగా జిడ్డులా అంటుకుని ఉంది. ఇంత మురికి ఎలా వదిలేశావు నాయినా అని విసుక్కుని, పెట్రోలులో ముంచిన గుడ్డతో మెరిసేదాకా తుడిచేశాను.

మొదటి రెండు రోజులు పళ్ళ చక్రాలు కడిగాను, పెద్ద స్ప్రింగు డబ్బా విప్పి శుభ్రం చేశాను, కంతలన్నీ పుల్లతో తోమాను. నిజం చెప్పాలంటే ఆ వెంట్రుక స్ప్రింగు దగ్గరికి పోకుండా తప్పించుకు తిరిగాను. దాని చుట్టలు బంకతో ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. దాన్ని తీసి తెల్లకాగితం మీద పెట్టి, పైన స్టీలు గ్లాసు బోర్లించి, గ్లాసు వైపు చూడకుండా కూర్చున్నాను. మెకానిక్ రోజూ చాయ్‌కి వచ్చి తొంగి చూసేవాడు.

"ఏందక్కా, ఆయనొచ్చిండా?"

"ఆ, వచ్చిండు. నీ పండ్లు రాలగొడ్తనంటున్నడు."

మూడోరోజు మధ్యాహ్నం, బస్టాండులో జనం పలచబడ్డాక, చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. గ్లాసు ఎత్తాను. బడిసారు దస్తీ కళ్ళ ముందు కనపడింది. "పో అవతలికి" అని పైకే అన్నాను. స్ప్రింగును చుట్టల దగ్గర ముట్టుకోలేదు. చివర ఉన్న చిన్న ఇత్తడి కడ్డీని మాత్రం పట్టుకుని, గాజు గిన్నెలో పెట్రోలు పోసి దాంట్లోకి దించాను. విప్పే ప్రయత్నం చేయలేదు. పదకొండేళ్ళ కింద చేసిన తప్పు అదే, విప్పబోవడం. ఈసారి ఊరికే చూస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి బంక మెత్తబడి, ఒక చుట్ట కదిలింది. తరువాత ఇంకొకటి. తరువాత మొత్తం స్ప్రింగు గిన్నెలో మెల్లగా విచ్చుకుని, చుట్టకూ చుట్టకూ మధ్య ఎక్కడికక్కడ సమానంగా సందు వచ్చి నిలబడింది.

ఆరబెట్టి, దాని చక్రంతో సహా చోటులో కూర్చోబెట్టి, పెద్ద స్ప్రింగుకు రెండు చుట్లు కీ ఇచ్చాను. ఏమీ కాలేదు. నోటితో చిన్నగా ఊదాను. చక్రం ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగింది. ఇక ఆగలేదు. టిక్కుటిక్కుమని చప్పుడు.

ఏడ్చాను. ఎందుకు దాచాలి? దుకాణంలో కూర్చుని, భూతద్దం కంటికి పెట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చాను. చాయ్ హోటలాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందక్కా? దవాఖానకు పోదామా?"

"నడిచింది అన్నా! నడిచింది!"

ఆయన ఆ రోజు నాకు అడగకుండానే మలాయి వేసి చాయ్ ఇచ్చాడు.

ఒకటిన్నర రోజు బల్ల మీద నడిపించి చూశాను. రేడియోలో వార్తల టైముతో పోలిస్తే ఒక్క నిమిషం తేడా రాలేదు. మంచి గడియారం నూనె తెప్పించి, ధారాళంగానే పెట్టాను. మూత పెట్టేముందు, మా నాన్న గుర్తుల కింద సూదితో నా గుర్తు గీశాను. నిలువు గీత, పైన ఒకే చుక్క. గర్వంగా తీసుకెళ్ళి సేటు షెడ్డులోనే కారుకు బిగించాను. షెడ్డు పక్కనే పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము గిరగిరా తిరుగుతోంది. సీజనులో ఆ వాడలో కుక్కలు కూడా పచ్చగా ఉంటాయి. అవేవీ పట్టించుకోకుండా మస్తు ఖుషీగా ఇంటికొచ్చాను.

రెండోరోజు సేటు వచ్చాడు. దుకాణం మెట్టు దగ్గరే నిలబడిపోయాడు.

"చెల్లె, ఆగింది."

ఆ ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడు. కొత్త పసుపు దినం ఇంక అయిదు రోజులుంది. కాసేపటికి మెకానిక్ వచ్చి, నా బల్ల మీద ఒక చిన్న డబ్బా పెట్టాడు. నల్లరంగు. పైన కొత్త బ్రష్షు.

"నేనేమనలే అక్కా. నువ్వే అన్నవ్."

డబ్బా ఎత్తి విసిరి కొట్టేదాన్నే. కానీ వాడన్నదాంట్లో తప్పేముంది? పంతం నాది, మాట నాది. డబ్బాను ఓ పక్కకు జరిపి, గడియారం తెచ్చుకుని మళ్ళీ విప్పాను. మూత తీయగానే నేను గీసిన గుర్తే కనిపించింది. సిగ్గుతో తల తీసేసినట్టయింది.

లోపల చూస్తే పసుపు. ఎక్కడెక్కడ నూనె పెట్టానో అక్కడల్లా సన్నటి పసుపు దుమ్ము చేరి, తడిసి, ముద్దయి కూర్చుంది. రెండే రెండు రోజుల్లో! భూతద్దం పక్కన పెట్టి ఆలోచించాను. నేను ముందు కడిగిన పాత బంక మట్టిరంగులో ఉంది. దాంట్లో పసుపు నలుసు ఒక్కటీ లేదు. మా నాన్న చేతి నుంచి వెళ్ళాక ఆ గడియారం అదే షెడ్డులో, అదే డ్రమ్ము పక్కన ఎన్నో సీజన్లు ఉంది. మరి ఆయన కాలంలో లోపలికి దూరని పసుపు నా చేతికి వచ్చేసరికి ఎలా దూరింది? ఎంత బుర్ర గోక్కున్నా తట్టలేదు.

అన్నానికి ఇంటికి పోయాను. మా అమ్మ గుమ్మంలో బీడీలు చుడుతోంది. ఎనభై దగ్గరపడ్డా చెయ్యి ఊరుకోదు. నేను కంచం ముందేసుకుని మెతుకు ముట్టకపోయేసరికి, ఏమైందని అడిగింది. కసురుకుంటూనే అంతా చెప్పాను.

"మైనం పెట్టినవా?" అంది.

"ఏం మైనం?"

"గదేందే! పసుపు కాలమొస్తె మీ నాయిన నీతోని తేనెమైనం పిసికిపిచ్చకపోయెనా? పసుపు దుకాణాల గడియారాలన్నిట్ల గా మైనమే గద పెడ్తుండె. కంతలకు, మూతలకు. దుమ్ము పోకుంట."

అప్పుడు గుర్తొచ్చింది. అయిదారేళ్ళ పిల్లనప్పుడు మా నాన్న నా అరచేతిలో మైనం ముద్ద పెట్టి, "మెత్తగ జెయ్యి బిడ్డా, నీ చేతులు ఎచ్చగుంటయి" అనేవాడు. నేను గంటలు గంటలు పిసుకుతూ కూర్చునేదాన్ని. అల్లరి చేయకుండా నన్ను కూర్చోబెట్టడానికి ఇచ్చిన ఆట అనుకున్నాను అన్నాళ్ళూ. నేను పనిలో కూర్చునేనాటికి పసుపు దుకాణాల్లో సెల్లు గడియారాలు వచ్చేశాయి, మైనం పని పోయింది. ఆయన ఆ మైనాన్ని ఎక్కడ పెట్టేవాడో నేను ఒక్కసారీ చూడలేదు.

"అవ్వా," అన్నాను, "పిడి కాడ నల్లగ జిడ్డసొంటిది ఉండె. మురికనుకొని తుడ్సేసిన."

మా అమ్మ చేతిలో బీడీ ఆకు ఆగిపోయింది. "తుడ్సినవా? మీ నాయిన పెట్టింది తుడ్సినవా? నీ చేతులిరగ! తిను ముందు. తిని పో."

గబగబా తిని, మా నాన్న పనిముట్ల పెట్టె అడుగున వెతికాను. తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బాలో మైనం ముద్ద ఉంది, రాయిలా గట్టిపడి. దాని మీద చిన్న చిన్న గుంటలున్నాయి. చూపుడువేలు పెట్టి చూశాను, పట్టలేదు. అవి నా వేళ్ళ గుర్తులే, ఆ రోజుల నాటివి. పిసికితే పోతాయని కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. కానీ ఆయన దాన్ని దాచింది చూసుకోవడానికి కాదు కదా. కొంత తుంచి, ఎండలో కూర్చుని మెత్తబడేదాకా పిసికాను. నా చేతులు ఇప్పటికీ వెచ్చగానే ఉన్నాయి.

రెండు రోజుల్లో గడియారం మొత్తం మళ్ళీ కడిగాను. ఈసారి వెంట్రుక స్ప్రింగు తీసేటప్పుడు సారు దస్తీ గుర్తుకు రాలేదు. నూనె సూదిమొనకు అంటినంతే పెట్టాను. పిడి కంత చుట్టూ, అద్దం అంచుకూ, మూత అంచుకూ మైనం సన్నటి తాడులా చేసి ఒత్తాను. కొత్త గుర్తేమీ గీయలేదు, ఉన్న గుర్తును చెరపనూ లేదు. బిగించాక డ్రమ్ము పక్కనే ఒకటిన్నర రోజు పెట్టి, మళ్ళీ మూత తీసి చూశాను. లోపల తళతళలాడుతోంది. పసుపు అంతా బయటే, మైనానికి అంటుకుని ఆగిపోయింది. ఆ మైనాన్ని ముద్దు పెట్టుకున్నాను. మూతికంతా పసుపు అంటింది. మళ్ళీ కొత్త మైనం ఒత్తి, గడియారం ఎక్కించాను.

కొత్త పసుపు దినాన నేను కూడా యార్డుకు పోయాను. పోకుండా ఎలా ఉంటాను? వేల్పూరు వైపు నుంచి, మోర్తాడ్ వైపు నుంచి ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నాయి. కుప్పల మధ్య హమాలీలు, రైతులు, అడ్తిదారులు. పది గంటలకు బోలీ. సేటు తెల్లటి బట్టల్లో, పొద్దున అందరి ముందూ నిండా కీ ఇచ్చిన గడియారంతో, కారు తోలుకుంటూ వచ్చాడు. జనమంతా కారు చుట్టూ మూగి, సెల్‌ఫోన్లు తీసి గడియారం పక్కన పెట్టి పోల్చి చూడటం మొదలుపెట్టారు.

"నిమిషం గిట్ల కూడ తేడా లేదురా!"

"ముల్లు జూడు, ఎట్ల ఉరుకుతున్నదో!"

సేటు ఎవరి ఫోనూ చూడలేదు. వాళ్ళ నాయనలాగే స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, గడియారం వైపే చూస్తూ కూర్చున్నాడు. పెద్ద ముల్లు పన్నెండు మీదికి రాగానే హారన్ కొట్టాడు. యార్డు గంట కూడా అదే క్షణంలో మోగింది. మొదటి కుప్ప దగ్గర పాట మొదలైంది. ఆయన కారు దిగి, జనంలో నన్ను వెతుక్కుంటూ వచ్చి, రెండు చేతులెత్తి దండం పెట్టాడు. అంతమందిలో! ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నేను ఏం చేయాలో తెలియక, "ఎనిమిది రోజులు కానియ్యి సేటూ" అని కసిరాను.

ఆ ఎనిమిది రోజులూ చాయ్ హోటల్లో అదే ముచ్చట. సేటు పొద్దున్నే కబురు పంపేవాడు, నడుస్తున్నదని. హోటలాయన బొగ్గుతో గోడ మీద గీతలు గీసేవాడు. అయిదో గీత నాటికి మందుల షాపాయన కూడా వచ్చి లెక్క అడగడం మొదలుపెట్టాడు. ఏడో రోజు నాకు అన్నం సహించలేదు. ఎనిమిది రోజులూ నిండిన పొద్దున సేటు కారు తెచ్చి హోటలు ముందు ఆపాడు. మెకానిక్ లోపలికి వంగి, అద్దానికి చెవి ఆనించాడు. వాడు లేచి, పాన్ ఉమ్మి, చెవులు పట్టుకున్నాడు.

"నడుస్తున్నదక్కా. మాఫ్ జెయ్యి."

హోటలు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. గెలిచాను! ఇంత వయసొచ్చాక కూడా గెలుపు ఎంత తీపిగా ఉంటుందో!

"గా రంగు డబ్బా ఇటియ్యి" అన్నాను మెకానిక్‌తో. నా బల్ల మీద నుంచి డబ్బా తీసి ఇస్తూ, నెత్తి మీద పోస్తానేమోనని రెండడుగులు వెనక్కి జరిగాడు. నేను స్టూలు వేసుకుని ఎక్కాను. మా నాన్న రాసిన అక్షరాల మీదే, ఆయన చెయ్యి పోయిన దారినే బ్రష్షు పోనిచ్చాను. "రిపేరు" అన్న మాట అన్నిటికంటే ముందు నల్లబడింది. మెకానిక్ వచ్చి స్టూలు కదలకుండా పట్టుకున్నాడు. మొత్తం బోర్డు అయ్యేసరికి నా చేతులు మోచేతుల దాకా రంగు.

మర్నాడు పొద్దున దుకాణం తెరవకముందే బడిసారు ఇంటికి పోయాను. పదకొండేళ్ళుగా ఆ వీధిలోంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేదాన్ని. సారు వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. బాగా ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"సార్, మీ నాయిన కొనిచ్చిన గడియారం ఉన్నదా?" అన్నాను.

ఆయన లోపలికి పోయి, చాలాసేపటికి వచ్చాడు. అదే దస్తీ, అదే ముడి. ఒక్కసారీ విప్పినట్టు లేదు. చేతిలో పట్టుకుని, ఇవ్వడానికి కొంచెం వెనకాడాడు.

"చేసేటాయన ఊరినుంచి వచ్చిండా బిడ్డా?" అని అడిగాడు.

ఆయన దాకా కూడా పోయింది నా అబద్ధం. రంగు ఇంకా వదలని నా రెండు చేతులూ ఆయన ముందు చాపాను.

"గసొంటాయన ఎన్నడు లేడు సార్. చేసేది నేనే."

సారు నా చేతులు చూశాడు, నా మొహం చూశాడు. దస్తీ ముడి ఆయనే విప్పి, గడియారాన్ని నా అరచేతిలో పెట్టాడు.